కాళ్ళున్న డబ్బు, కాళ్ళు లేని జీతం

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉద్యోగం చేస్తుంటే ఒకసారి మీ పే స్లిప్ తీసి చూడండి. పీఎఫ్ కటింగ్‌కి పైనో కిందో "పీటీ" అని ఒక లైను ఉంటుంది, పక్కన 200 అని. అది వృత్తి పన్ను. రెండు రాష్ట్రాల్లోనూ నెల జీతం 15 వేల లోపయితే ఏమీ కట్టక్కర్లేదు, 20 వేల దాకా 150, ఆపైన ఎంతైనా 200. ఆ "ఎంతైనా" దగ్గర కాస్త ఆగండి. బట్టల షోరూమ్‌లో 21 వేలకి నిలబడి పనిచేసే కుర్రాడూ, గచ్చిబౌలిలో నెలకి 10 లక్షలు తీసుకునే డైరెక్టరూ కట్టేది అదే 200. కుర్రాడికి అది జీతంలో దాదాపు 1 శాతం. డైరెక్టర్‌గారికి 0.02 శాతం, అంటే వాళ్ళాఫీసు కింద కాఫీ తాగితే అయ్యే ఖర్చు. దీనికి రాష్ట్రాలనే తిట్టి లాభం లేదు, ఏడాదికి మనిషికి 2,500కి మించి ఈ పన్ను వసూలు చేయకూడదని రాజ్యాంగం 276వ అధికరణంలోనే ఉంది. ఆ పరిమితి 1988 తర్వాత మారలేదు.

రెండొందలకి ఇంత గొడవేంటి అనుకోవచ్చు. నిజమే, చిన్న మొత్తం. కానీ న్యాయమైన పన్ను అంటే ఏంటి అని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ లైనే చూపిస్తాను. అందరూ ఒకే మొత్తం కడితే న్యాయమా, ఒకే శాతం కడితేనా, లేక ఎక్కువ ఉన్నవాడు ఎక్కువ శాతం కడితేనా? ఎవరి స్థోమతని బట్టి వాళ్ళు కట్టాలని ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడు, మార్కెట్ మార్కెట్ అని ఆయన పేరు చెప్పేవాళ్ళు ఈ వాక్యం మాత్రం ఎందుకో ఎత్తరు. మన ఆదాయపు పన్ను శ్లాబులు ఆ మూడో పద్ధతిలోనే నడుస్తాయి. 1973-74లో అయితే సర్‌చార్జీతో కలిపి పై శ్లాబు 97.75 శాతం దాకా వెళ్ళింది. అంటే పైన సంపాదించిన ప్రతి వంద రూపాయల్లో రెండుంపావలా మిగిలేది. అంత రేటు పెడితే ఎవడు కడతాడు? లెక్కల్లో చూపించడం మానేశారు.

అంటే రేటు ఒక్కటే చూస్తే ఏమీ అర్థం కాదు. వస్తువుల మీద పన్నులదీ ఇదే కథ. తెలంగాణలో పెట్రోల్ మీద వ్యాట్ 35.2 శాతం, కేంద్రం ఎక్సైజ్ సుంకం వేరే. బండి మీద రోజంతా తిరిగే డెలివరీ కుర్రాడికి పెట్రోలంటే సంపాదనలో పెద్ద ముక్క. కారు వెనక సీట్లో కూర్చునే ఆయనకి డ్రైవర్ బిల్లు తెస్తే తప్ప లీటరెంతో కూడా తెలియదు. బంకులో మాత్రం ఇద్దరికీ ఒకటే రేటు. సబ్బుల మీద, టూత్‌పేస్ట్ మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 నుంచి 5కి దిగింది, మంచిదే. కానీ సబ్బు మీద పన్ను వేసేటప్పుడు కొన్నవాడి జేబు ఎంత లోతో ఏ ప్రభుత్వమూ అడగదు, అడగలేదు కూడా.

సరే, ఇంతవరకూ పాత చర్చే. నా దృష్టిలో అసలు గీత పేదా గొప్పా మధ్య మాత్రమే లేదు, కదిలేదానికీ కదలలేనిదానికీ మధ్య ఉంది. జీతం కదలదు, చేతికి రాకముందే టీడీఎస్ కోసేస్తారు. సబ్బు కదలదు, ఇల్లు కదలదు. కంపెనీ లాభం మాత్రం కదులుతుంది, దానికి కాళ్ళున్నాయి, పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు. ప్రభుత్వాలకి డబ్బు కావాలి, కాళ్ళున్నది అందదు, అందుకని అందినదాన్నే పట్టుకుంటాయి. 2019 సెప్టెంబర్‌లో మన దేశం కంపెనీల పన్నుని 30 నుంచి 22 శాతానికి తగ్గించింది, కొత్తగా పెట్టే ఫ్యాక్టరీలకి 15. కారణం సింపుల్: తగ్గించకపోతే పెట్టుబడి వియత్నాం వెళ్తుందేమోనని భయం. వియత్నాం వాళ్ళకి ఇంకెవరి భయమో ఉంటుంది. 2023-24కి వచ్చేసరికి కేంద్రానికి కంపెనీల పన్ను సుమారు 9.1 లక్షల కోట్లు వస్తే, వ్యక్తుల ఆదాయపు పన్ను 10.4 లక్షల కోట్లు దాటింది. మనుషులు కంపెనీల కంటే ఎక్కువ కడుతున్నారన్నమాట.

లాభం ఎలా కదులుతుందో ఒక ఆవకాయ కంపెనీతో చెప్తాను, ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ అని మొదలుపెడితే సగం మంది ఇక్కడే లేచిపోతారు.

గుంటూరులో ఒకాయన ఆవకాయ పెట్టి అమ్ముతాడనుకుందాం. సీసా 300, ఖర్చు 200, లాభం 100. పన్ను 25 శాతం అనుకుంటే 25 కట్టాలి. ఈయన బావమరిది పన్నే లేని ఓ దీవిలో ఉంటాడు. మనవాడు ఏం చేస్తాడంటే, "ఆవకాయ కలిపే పాళ్ళు, సీసా మీద బొమ్మ, ఆ పేరు, అన్నీ మా బావమరిది కంపెనీవి" అని కాయితం రాసేస్తాడు. ఇక నుంచి ప్రతి సీసాకీ ఆ పేరు వాడుకున్నందుకు 95 రూపాయలు రాయల్టీ బావమరిదికి వెళ్తుంది. గుంటూరులో మిగిలిన లాభం 5, దాని మీద పన్ను రూపాయింబావలా. మామిడికాయ ఇక్కడిదే, కారం ఇక్కడిదే, కలిపిన చేతులూ తిన్న నోళ్ళూ ఇక్కడివే, లాభం మాత్రం దీవిలో పుట్టిందట! ఆ దీవిలో ఒక్క మామిడిచెట్టు కూడా లేకపోవచ్చు.

ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ అంటే ఇలా సొంతవాళ్ళ మధ్య వేసుకునే ధరే. ఆ ధర కూడా ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య ఉండే ధరలాగే ఉండాలని చాలా దేశాల చట్టాలు చెప్తాయి. మామిడికాయకైతే ఆ ధర దొరుకుతుంది, మార్కెట్‌కి వెళ్ళి అడగొచ్చు. కానీ ఆ పేరు, ఆ పాళ్ళు ప్రపంచంలో ఇంకెవరూ అమ్మరు కదా, వాటి "మార్కెట్ ధర" ఎవరిని అడుగుతాం? సాఫ్ట్‌వేర్, పేటెంట్, బ్రాండ్, ఇలా చేతికి తగలని ఆస్తులున్న కంపెనీలకే ఈ ఆట బాగా కుదరడానికి కారణం అదే. మనకి ఈ విద్య కొత్తదేమీ కాదులెండి. నేను ఫ్లాట్ చూడ్డానికి వెళ్ళినప్పుడు బిల్డర్ చదరపు అడుగు రేటు చెప్పకముందే "వైట్ ఎంత పెట్టుకుంటారు సార్?" అని అడిగాడు. రిజిస్ట్రేషన్ కాయితం మీద ఒక ధర, సంచీలో ఇంకో ధర. మనది చట్టవిరుద్ధం, వాళ్ళది చాలావరకు చట్టబద్ధం, తేడా అది. చట్టం రాసేటప్పుడు పక్కన కూర్చోగలిగే స్తోమత వాళ్ళకుంది.

బావమరిది పాత్ర చాలా ఏళ్ళు ఐర్లాండ్ వేసింది. కంపెనీల పన్ను 12.5 శాతం, కానీ ఒప్పందాలు తెలిసినవాళ్ళకి అదీ ఎక్కువే. గూగుల్ 2017లో 19.9 బిలియన్ యూరోలు నెదర్లాండ్స్‌లోని ఒక కంపెనీ మీదుగా బెర్ముడా దీవికి పంపింది, అక్కడ అప్పట్లో కంపెనీలకి ఆదాయపు పన్ను లేదు. అంతా చట్ట ప్రకారమే, ఆ పద్ధతి 2020తో ఆగింది. యాపిల్ సంగతి ఇంకా బావుంటుంది. యూరప్‌లో అమ్మకాల లాభం ఐర్లాండ్‌లోని కంపెనీకి చేరేది, అందులో ఎక్కువ భాగం "హెడ్ ఆఫీసు" పేరు మీద రాసుకునేవాళ్ళు. ఆ హెడ్ ఆఫీసు ఏ దేశంలో ఉంది? ఏ దేశంలోనూ లేదు. ఉద్యోగులు లేరు, బిల్డింగు లేదు. 2014లో అక్కడ యాపిల్ కట్టిన పన్ను పది లక్షల యూరోల లాభానికి 50 యూరోలు అని యూరోపియన్ కమిషన్ లెక్క తేల్చింది, అంటే 0.005 శాతం. 2016లో 13 బిలియన్ యూరోలు వసూలు చేసుకోమని ఐర్లాండ్‌ని ఆదేశించింది.

అప్పుడు ఐర్లాండ్ ఏం చేసిందో తెలుసా? మాకొద్దు ఆ డబ్బు అని యాపిల్ పక్కన నిలబడి కోర్టుకెళ్ళింది. ఈ డబ్బు తీసుకుంటే రేపు ఇంకో కంపెనీ మన గడప తొక్కదని లెక్క. 2020లో కింది కోర్టులో గెలిచారు, 2024 సెప్టెంబర్ 10న యూరప్ పై కోర్టులో ఓడిపోయారు, వద్దువద్దంటుంటే డబ్బు వచ్చి పడింది. పన్నుల పోటీలో దిగిన దేశం మనసు ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2015లో ఐర్లాండ్ జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగినట్టు లెక్కలొచ్చాయి కూడా. జనం రాత్రికి రాత్రి కొత్త ఫ్యాక్టరీలేం కట్టలేదు, పెద్ద కంపెనీలు తమ పేటెంట్లూ అవీ ఐర్లాండ్ కాయితాల మీదకి మార్చుకున్నాయంతే. చివరికి వాళ్ళ గణాంక శాఖ, జీడీపీని నమ్మలేక, దేశం అసలు ఆదాయం ఎంతో తెలియడానికి వేరే కొలమానం తయారుచేసుకోవాల్సి వచ్చింది. వ్యాపారం ఎంత, పెట్టుబడి ఎక్కణ్ణించి ఎక్కడికి వెళ్తోంది అన్న ప్రపంచ లెక్కల్లో ఇలాంటి కాయితపు కదలికలు ఎంత కలిసిపోయాయో ఆలోచించండి. కేమన్ దీవుల్లో అయిదంతస్తుల అగ్లాండ్ హౌస్ అనే ఒకే ఒక్క భవనం 18,857 కంపెనీలకి చిరునామా అని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2008లో రాసింది. మన అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు కూడా అంత ఇరుకుగా ఉండవు.

మన దగ్గరకొద్దాం. 2007లో వొడాఫోన్ ఇక్కడి హచ్‌ని కొంది, సుమారు 11 బిలియన్ డాలర్లకి. టవర్లు ఇక్కడే, సిమ్ కార్డులు ఇక్కడే, బిల్లు కట్టే మనమూ ఇక్కడే. చేతులు మారింది మాత్రం కేమన్ దీవుల్లోని ఒక కంపెనీ షేర్లు, ఆ కంపెనీ కిందా దాని కిందా వరసగా ఉన్న కంపెనీల చివర మన హచ్ ఉంది. ఎన్‌ఆర్‌ఐ దగ్గర ఫ్లాట్ కొంటే టీడీఎస్ కోసి కట్టాల్సింది కొన్నవాడే, ఆ సంగతి తెలియక నోటీసులందుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. మన ఆదాయపు పన్ను శాఖ వొడాఫోన్‌ని అడిగిందీ అదే: ఆస్తి ఇండియాలో ఉంది, అమ్మినవాడికి లాభం వచ్చింది, నువ్వు పన్ను కోసి మాకెందుకు కట్టలేదు? సుమారు 11 వేల కోట్లు. 2012 జనవరిలో సుప్రీం కోర్టు, చట్టంలో ఉన్న మాటల ప్రకారం ఆ అమ్మకం మన పరిధిలోకి రాదని వొడాఫోన్ వైపు తీర్పిచ్చింది. వెంటనే ప్రణబ్ ముఖర్జీ బడ్జెట్‌లో చట్టం మార్చారు, ఆ మార్పు 1962 నుంచే ఉన్నట్టు లెక్క అన్నారు.

నా అభిప్రాయం అడిగితే అడగడం న్యాయమే, అడిగిన తీరు తప్పు. ఆట అయిపోయాక రూలు మారిస్తే ఎంత న్యాయమైన పన్నైనా దోపిడీలాగే కనిపిస్తుంది. కనిపించింది కూడా. అదే చట్టం కింద ఇరుక్కున్న కెయిర్న్ అనే చమురు కంపెనీ హేగ్‌లో అంతర్జాతీయ మధ్యవర్తుల ముందు గెలిచి, 1.2 బిలియన్ డాలర్లు ఇవ్వలేదని 2021లో పారిస్‌లోని మన ప్రభుత్వ ఆస్తుల మీద ఫ్రెంచి కోర్టు నుంచి ఆర్డర్ తెచ్చుకుంది. ఆ ఆగస్టులోనే కేంద్రం పాత చట్టాన్ని వెనక్కి తీసుకుంది, వసూలు చేసింది తర్వాత తిరిగిచ్చేసింది.

మారిషస్ గురించి కూడా చెప్పాలి, అది మనకి చుట్టరికం ఉన్న ఊరు. చెరకు తోటల్లో కూలికి తీసుకెళ్ళిన తెలుగువాళ్ళ మునిమనవళ్ళు అక్కడున్నారు, ఉగాదికి ఆ దేశమంతా సెలవు. అంత చిన్న దీవి చాలా ఏళ్ళు ఇండియాకి అత్యధికంగా పెట్టుబడి పంపిన దేశం! ఇక్కడ షేర్లు అమ్మిన లాభం మీద పన్ను వేసే హక్కు మారిషస్‌దే అని ఒప్పందం ఉండేది, వాళ్ళేమో వేసేవాళ్ళు కాదు. రెండుసార్లు పన్ను పడకూడదని రాసుకున్న ఒప్పందం ఒక్కసారి కూడా పడకుండా కాపాడింది. 2016లో మార్చాం, 2017 ఏప్రిల్ నుంచి కొన్న షేర్లకి ఆ దారి మూసుకుంది.

ఇప్పుడు కాళ్ళున్నా డబ్బుకున్న స్వేచ్ఛ లేని మనిషి సంగతి. హెచ్1బీ మీద డల్లాస్‌లో పనిచేసే మనవాడి జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కి 1.45 శాతం పోతుంది, కంపెనీ కూడా అంతే కడుతుంది. ముసలితనంలో ఆ పెన్షన్ రావాలంటే సుమారు పదేళ్ళ పని లెక్కలో ఉండాలి. మామూలుగా హెచ్1బీ గడువు ఆరేళ్ళు. గ్రీన్ కార్డ్ లైన్లో ఉంటే పొడిగిస్తారు, లేదంటే సూట్‌కేసు సర్దుకుని వచ్చేయడమే, కట్టినది అక్కడే. జర్మనీతో, ఫ్రాన్స్‌తో, జపాన్‌తో మనకి ఈ విషయంలో ఒప్పందాలున్నాయి, అమెరికాతో లేదు. గూగుల్ లాభం ఐర్లాండ్ మీదుగా బెర్ముడా దాకా వెళ్ళొచ్చింది, మనవాడి 6.2 శాతం టెక్సస్ దాటలేదు.

ఈ పరుగుకి అడ్డుకట్ట వేద్దామని 2021 అక్టోబర్‌లో 136 దేశాలు ఒక ఒప్పందానికొచ్చాయి. అందులో రెండు ముక్కలు. ఒకటి, ఏడాదికి 75 కోట్ల యూరోల పైన వ్యాపారమున్న కంపెనీ ఏ దేశంలోనైనా కనీసం 15 శాతం కట్టి తీరాలి. మన ఆవకాయ భాషలో, బావమరిది దీవి 2 శాతమే తీసుకుంటే మిగతా 13 గుంటూరు ప్రభుత్వం లాక్కుంటుంది. అప్పుడు దీవికి పంపినా పంపకపోయినా ఒకటే. తెలివైన ఆలోచన, ఒప్పుకోవాలి. కానీ ఎలాగూ పోయే డబ్బు అని దీవే తన రేటు 15 చేసేసుకుంటే? ముందు తీసుకునే హక్కు దానిదే. ఐర్లాండ్ 2024 నుంచి అదే చేసింది. కంపెనీ 15 కడుతుంది, కాకపోతే ఐర్లాండ్‌కే కడుతుంది, ఆవకాయ తిన్న ఊరికి ఏమీ రాదు. ఆఫ్రికాలో చాలా దేశాల్లో కంపెనీల పన్ను 25 నుంచి 30 ఉంటుంది, వాళ్ళకి ఈ 15 ఏమానుతుంది? నైజీరియా, కెన్యా సంతకమే పెట్టలేదు.

రెండో ముక్కే మనలాంటి దేశాలకి కావాల్సింది. కొనేవాళ్ళున్న చోట ఆఫీసు లేకపోయినా అతిపెద్ద కంపెనీల లాభంలో ఒక వాటా ఆ దేశం పన్ను వేసుకోవచ్చని. అది ఇంతవరకూ అమల్లోకి రాలేదు. 2025 జనవరి 20న ట్రంప్ కుర్చీ ఎక్కిన రోజే ఈ ఒప్పందం మాకు చెల్లదని కాయితం మీద సంతకం చేశారు. ఆ జూన్‌లో మిగతా జీ7 దేశాలు అమెరికా కంపెనీలని 15 శాతం నిబంధన నుంచి వదిలేయడానికి తలూపాయి. కర్ర ఉన్నవాడిదే బర్రె అంటారు కదా.

మనం ఆ రెండో ముక్క వచ్చేదాకా ఆగలేక 2016లోనే ఒకటి పెట్టుకున్నాం, ఆన్‌లైన్ ప్రకటనల కోసం విదేశీ కంపెనీలకి కట్టే డబ్బు మీద 6 శాతం. జనం గూగుల్ ట్యాక్స్ అన్నారు. లాభం ఎక్కడ దాచుకుంటావో దాచుకో, ఇక్కడి రశీదు మీద మాత్రం మాకింత ఇచ్చి పో అని. మోటు పన్నే. ఎవరు కట్టాలి అన్నది వేరు, చివరికి ఎవరి నెత్తిన పడుతుంది అన్నది వేరు, కొన్ని కంపెనీలు ఆ భారాన్ని మన ప్రకటనదారుల బిల్లులోనే కలిపేశాయి. అయినా లాభానికి కాళ్ళొచ్చాక ఏదో ఒకటి కదలనిది పట్టుకోవాలి కదా. 2020లో ఆన్‌లైన్ అమ్మకాల మీద ఇంకో 2 శాతం వేస్తే అమెరికా విచారణ మొదలుపెట్టింది. 2 శాతం 2024 ఆగస్టులో పోయింది, 6 శాతం 2025 ఏప్రిల్ 1న పోయింది. వాషింగ్టన్‌తో వాణిజ్య చర్చలు నడుస్తున్నాయి, సుంకాలు తప్పించుకోవాలి, మంచి మాట అనిపించుకుందాం అన్నది అప్పట్లో అందరికీ అర్థమైన విషయమే.

అయిదు నెలలు తిరక్కుండా, 2025 ఆగస్టు నెలాఖరుకి, మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. రొయ్యలకైతే, మరీ చవగ్గా తెచ్చి దింపుతున్నారని అంతకుముందే వేసిన యాంటీ డంపింగ్ సుంకం దానికి అదనం. సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారుడే, కాయితం ప్రకారం. అతను ఎగుమతిదారుణ్ణి రేటు తగ్గించమన్నాడు, ఎగుమతిదారుడు భీమవరంలో చెరువు గట్టు మీద నిలబడ్డ రైతుని అదే అడిగాడు. రైతు అడగడానికి ఎవరూ లేరు. మేత ఖర్చు అయిపోయింది, చెరువు నీళ్ళకి గాలి ఆడించే ఏరియేటర్ల కరెంటు బిల్లు వచ్చేసింది, కౌంట్‌కి, అంటే అమ్మే సైజుకి, వచ్చిన రొయ్యని పట్టుబడి చేయక తప్పదు. ఆ చెరువుని బెర్ముడా అడ్రస్ మీదకి మార్చుకునే వీలు ఏ ఆడిటర్ చేతిలోనూ లేదు.